ఆర్డర్లు మీరే ప్యాక్ చేయాలా, గోదాం కంపెనీకి అప్పగించాలా?

రోజుకి పది ఆర్డర్లు వస్తున్నంత కాలం ప్యాకింగ్ సరదాగానే ఉంటుంది. యాభై దాటాక ఇల్లు ఇల్లులా ఉండదు. మంచం కింద అట్టపెట్టెలు, బల్ల మీద లేబుల్ ప్రింటరు, కొరియర్ అబ్బాయి గుమ్మంలో నిలబడి ఉంటే టేపు కొస దొరక్క గోళ్లతో గీకుతూ మీరు. కొత్త సరుకు గురించి ఆలోచించడానికి గానీ, కస్టమర్‌తో నాలుగు మాటలు మాట్లాడడానికి గానీ టైం మిగలదు. ఈ పని ఎవరికైనా అప్పగించేద్దాం అనిపించేది సరిగ్గా అప్పుడే.

మీ సరుకు దాచి, ఆర్డరు రాగానే అరలోంచి తీసి, ప్యాక్ చేసి, కొరియర్‌కి ఇచ్చి, తిరిగొచ్చిన వాటిని కూడా చూసుకునే వాళ్లని ఫుల్‌ఫిల్‌మెంట్ కంపెనీలు అంటున్నాం. వాటిలో చిన్నవి, పెద్దవి ఉన్నాయి. మీరు అమ్మే, అమెజాన్ లాంటి మార్కెట్‌ప్లేస్ వాళ్ల సొంత గోదాం ఉండొచ్చు. ఇవేవీ వద్దనుకుంటే మనుషుల్ని పెట్టుకుని మీరే చేసుకోవచ్చు. ఎక్కువ మంది రేటు కార్డులు పక్కపక్కన పెట్టుకుని తేల్చేస్తారు. మొదటిసారి నేనూ అలాగే తేల్చి దెబ్బతిన్నాను, ఆ సంగతి కింద చెబుతాను.

ముందు ఏం చూడాలి

మొదటిది, సరైన వస్తువు వెళ్తోందా లేదా. "మా దగ్గర 99 శాతం కరెక్ట్" అని ఎవరైనా చెబితే తలూపే ముందు లెక్క వేయండి. నెలకి 3000 ఆర్డర్లుంటే 30 మందికి తప్పు వెళ్లినట్టు. అదే 99.9 శాతమైతే ముగ్గురికి. ఇంకో మెలిక ఉంది. వాళ్లు చెప్పే శాతం ఆర్డర్ల మీదా, ఆర్డర్లలోని వస్తువుల మీదా? వస్తువుల మీద 99.5 శాతం అయితే, మూడు రకాల వస్తువులున్న ఆర్డరు పూర్తిగా సరిగ్గా వెళ్లే అవకాశం 98.5 శాతానికి దిగిపోతుంది. మీ ఆర్డర్లలో సగటున ఎన్ని వస్తువులుంటాయో తెలుసుకుని వెళ్లి అడగండి. తప్పు వెళ్లిన ప్రతి పెట్టెకీ మీరు మూడుసార్లు రవాణా కట్టాలి: వెళ్లిందానికి, తిరిగొచ్చేదానికి, మళ్లీ పంపేదానికి.

రెండోది, "అదే రోజు షిప్పింగ్" అనే మాట. ఇది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అడగకపోతే మోసపోతారు. లేబుల్ ప్రింట్ కాగానే చాలా సిస్టమ్‌లు "షిప్ అయింది" అని కస్టమర్‌కి మెసేజ్ పంపేస్తాయి. పెట్టె మాత్రం మర్నాటి దాకా గోదాంలోనే ఉండొచ్చు. కస్టమర్ ట్రాకింగ్ చూస్తే రెండు రోజులుగా ఒకటే గీత, ఫోన్ మీకు. కాబట్టి కటాఫ్ టైం (అదే రోజు పంపాలంటే ఆర్డరు ఎన్నింటిలోపు రావాలి అన్నది) ఎంత అని అడిగి ఆగకండి. కటాఫ్ లోపు వచ్చిన ఆర్డర్లలో ఎన్నింటికి అదే రోజు కొరియర్ వాళ్ల మొదటి స్కాన్ పడిందో చూపించమనండి. ఈ అంకె వెంటనే తీయగలిగిన కంపెనీలు తక్కువ. తీయగలిగితే అదే మంచి గుర్తు.

మూడోది పెట్టె సైజు. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, డబ్బు కారిపోయేది మాత్రం ఎక్కువగా ఇక్కడే. కొరియర్లు అసలు బరువుని, పెట్టె కొలతల మీద కట్టిన బరువుని చూసి, రెండింటిలో ఎక్కువదానికి ఛార్జ్ వేస్తారు. అంతర్జాతీయ ఎక్స్‌ప్రెస్‌లో మామూలుగా పొడవు, వెడల్పు, ఎత్తులని సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. కిలోన్నర వస్తువుని 40×30×20 పెట్టెలో పెడితే లెక్కలో అది 4.8 కిలోలు. 30×20×15 పెట్టెలో పట్టిస్తే 1.8 కిలోలే. వస్తువు అదే, దూరం అదే. అమెరికాలో యూపీఎస్, ఫెడెక్స్ ఈ పద్ధతిని 2015 ప్రారంభం నాటికి రోడ్డు మీద వెళ్లే చిన్న పార్సిళ్లకి కూడా వర్తింపజేశాయి. దిండ్లు, బొమ్మల్లాంటి తేలిక సరుకు అమ్మేవాళ్లకి అది గట్టి దెబ్బ. మీ పెట్టె సైజు నిర్ణయించేది ఎవరు? టార్గెట్ వెంట పరిగెడుతున్న ప్యాకర్. చేతికి దగ్గర్లో ఉన్న పెట్టె తీసుకుంటాడు. అది పెద్దదైతే తేడా కట్టేది మీరు.

నాలుగోది రిటర్న్‌లు. తిరిగొచ్చిన వస్తువుని ఎన్ని రోజుల్లో విప్పి చూస్తారు, మళ్లీ అమ్మొచ్చా లేదా అని ఎవరు తేలుస్తారు అన్నది చాలు.

ఇక ఖర్చు. ఒక్కో ఆర్డరుకి ఎంత అన్న అంకెని చూసి పోల్చొద్దు. సరుకు దించుకున్నందుకు, లెక్కపెట్టినందుకు, అర అద్దెకి, మొదటి వస్తువు తీసినందుకు, తర్వాతి ఒక్కో వస్తువుకి, పెట్టెకి, రిటర్న్‌కి, నెలకి కనీస బిల్లుకి, ఎక్కువకాలం కదలని స్టాకుకి వేరే వేరే ఛార్జీలుంటాయి. మీ గత మూడు నెలల ఆర్డర్లని అలాగే ఇచ్చి, వీటికి మీ బిల్లు ఎంతయ్యేదో వేసి చూపించమనండి. అప్పుడే పోలిక కుదురుతుంది.

రేటు కార్డులో లేనిది

నేను రెండు రంగుల సంచులు అమ్మేవాణ్ణి: నలుపు, ముదురు నీలం. మొదట అప్పగించిన గోదాం చౌక. బార్‌కోడ్ స్కానర్లు, సాఫ్ట్‌వేర్ అన్నీ ఉన్నాయి. మూడు వారాలకి రంగు మారిందని ఫిర్యాదులు మొదలయ్యాయి. ఫోన్ చేస్తే "స్కాన్ చేయకుండా పెట్టె కదలదండీ, పొరపాటు మీ లేబుల్‌లోనే ఉండి ఉంటుంది" అన్నారు. చెప్పకుండా వెళ్లి చూశాను. షిఫ్ట్ సగంలో స్కానర్ బ్యాటరీ అయిపోతోంది. వేరేది తెచ్చుకోవాలంటే సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లాలి, వెళ్తే గంట టార్గెట్ పోతుంది, పోతే సాయంత్రం అందరి ముందూ పేరు చదువుతారు. అందుకని పికర్లు (అరల్లోంచి సరుకు తీసేవాళ్లు) నలుపు సంచి బార్‌కోడ్ ఒకటి కాగితం మీద అంటించుకుని, పక్కవాడి స్కానర్‌తో దాన్నే కొట్టి, సంచిని మాత్రం కంటితో చూసి తీస్తున్నారు. ఆ లైట్ల కింద ముదురు నీలం నలుపులాగే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ లెక్క ప్రకారం అంతా నూటికి నూరు శాతం కరెక్ట్.

ఆ అబ్బాయిల మీద నాకు కోపం రాలేదు. బ్యాటరీ అయిపోయిందని చెబితే నష్టపోయేది చెప్పినవాడే అయినప్పుడు ఎవరు చెబుతారు?

టయోటా కార్ల ఫ్యాక్టరీల్లో అండాన్ అనే ఏర్పాటు ఉంది. లైన్‌లో పనిచేసే వ్యక్తికి ఏదైనా తేడా కనిపిస్తే తాడు లాగుతారు, టీం లీడర్ వస్తాడు, నిర్ణీత సమయంలో తేలకపోతే లైన్ ఆగుతుంది. గోదాంలో తాడు ఉండక్కర్లేదు. "ఈ అరలో సరుకు కలిసిపోయింది" అని ప్యాకర్ అంటే పని ఆపి చూసే మనిషి ఉన్నాడా లేదా అన్నదే చూడాలి. కంపెనీ కల్చర్ అని నేననేది దీన్నే. మిగతావన్నీ గోడమీద పోస్టర్లు.

వేగం టార్గెట్లు తప్పని కూడా అనను, అవి లేకుండా గోదాం నడవదు. హద్దు దాటితేనే ఇబ్బంది. అది ఎంతదాకా వెళ్లిందంటే కాలిఫోర్నియా ఒక చట్టమే చేయాల్సివచ్చింది. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఏబీ 701 ప్రకారం పెద్ద గోదాములు తమ పని కోటాలేమిటో కార్మికులకి రాతలో ఇవ్వాలి. భోజన విరామం, బాత్రూంకి వెళ్లడం కుదరనివ్వని కోటా పెట్టకూడదు. ఊపిరి తిప్పుకోనివ్వని వేగంతో ప్యాక్ చేసిన పెట్టెలో బబుల్ రాప్ ఒక చుట్టు తక్కువ పడుతుంది, గాజు సామాను అమ్మేవాళ్లకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

మరి బయటి మనిషికి ఇదంతా ఎలా తెలుస్తుంది? గోదాం చూడ్డానికి వెళ్లండి, అదీ మధ్యాహ్నం కటాఫ్‌కి గంట ముందు. వీలైనంత వరకు అసలు పని చేసేవాళ్లతో మాట్లాడండి. నేను చూసేవి ఇవి:

- ప్రాబ్లం షెల్ఫ్. పగిలినవి, లేబుల్ లేనివి, ఎవరివో తెలియనివి పెట్టే అర ప్రతి గోదాంలోనూ ఉంటుంది. ఖాళీగా ఉంటే నమ్మొద్దు, ఎక్కడో దాస్తున్నారు. ఒక్కోదాని మీద తేదీ, కారణం రాసి ఉండి, పాతవి వారం దాటకపోతే మంచి చోటు.
- గోడ మీది బోర్డు. వేగం ఒక్కటే రాశారా, తప్పులూ రాశారా? తప్పుల పక్కన మనుషుల పేర్లు ఉన్నాయా, కారణాలు ఉన్నాయా?
- "పోయిన వారం జరిగిన పెద్ద పొరపాటు ఏది?" అని మేనేజర్‌ని అడగండి. "మా దగ్గర అలాంటివి జరగవండీ" అంటే లేచి రావచ్చు.
- ప్యాకింగ్ బల్ల దగ్గరున్నవాళ్లు ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారు? మీ సరుకు తెలిసిన చెయ్యి ఆరు వారాలకోసారి మారిపోతుంటే శిక్షణ ఖర్చు మీ రిటర్న్‌ల రూపంలో వస్తుంది.
- సీజన్‌లో తాత్కాలిక మనుషులు ఎంతమంది వస్తారు, వాళ్లకి ఎన్ని రోజులు నేర్పిస్తారు?

ఇప్పుడు ఒక్కొక్కటిగా

*మీరే చేయడం.* తప్పు జరిగితే మీ కళ్ల ముందే తెలుస్తుంది, ఇదే దీని బలం. పెట్టెలో చేత్తో రాసిన చీటీ పెట్టాలన్నా, ప్యాకింగ్ ఈ రోజే మార్చాలన్నా ఎవర్నీ అడగక్కర్లేదు. అసలు ఖర్చు మీ సమయం, దాన్ని లెక్కలో వేసుకోకుండా చాలామంది "మాకు ఇదే చౌక" అంటుంటారు. మీకు జ్వరం వచ్చిన రోజు షిప్పింగ్ ఆగిపోతుందా? ఆగిపోతే, మీరు ఇంకా ఒక మనిషిని పెట్టుకోలేదన్నమాట. పెట్టుకున్నాక మీరే ఒక చిన్న గోదాం యజమాని, పైన చెప్పిన కల్చర్ ప్రశ్నలన్నీ మీకే వర్తిస్తాయి. కొరియర్ రేట్లలో మాత్రం చిన్నవాళ్లకి బేరం ఆడే బలం ఉండదు.

*చిన్న ఫుల్‌ఫిల్‌మెంట్ కంపెనీ.* ఓనరు ఫోన్ ఎత్తుతాడు. మీ సరుకు ఏ అరలో ఉందో పేర్లతో సహా తెలిసిన మనుషులుంటారు. నా ఉద్దేశంలో నెలకి కొన్ని వందల నుంచి రెండు మూడు వేల ఆర్డర్ల దాకా ఉన్నవాళ్లు ముందు ఇటే చూడాలి. ఇబ్బంది ఎక్కడంటే, అంతా ఇద్దరు ముగ్గురి మీద నడుస్తుంది. ఆ ఒక్క సూపర్‌వైజర్ మానేస్తే నెలరోజులు గందరగోళం. అదే గోదాంలో మీకంటే పదింతలు పెద్ద కస్టమర్ ఉంటే, సీజన్‌లో చేతులన్నీ అటే వెళ్తాయి. మీ వాటా ఎంతో అడగండి. వాళ్ల పనిలో సగం పైగా ఒక్క కస్టమర్‌దే అయితే, వాడు వెళ్లిపోయిన రోజు గోదాం ఉంటుందో లేదో ఆలోచించుకోండి.

*పెద్ద ఫుల్‌ఫిల్‌మెంట్ కంపెనీ.* నాలుగైదు చోట్ల గోదాములు, మంచి కొరియర్ రేట్లు, పక్కా సాఫ్ట్‌వేర్. సరుకుని కస్టమర్లకి దగ్గరగా చీల్చి పెట్టొచ్చు కాబట్టి డెలివరీ త్వరగా అవుతుంది. దానికి తగ్గట్టు స్టాక్ కూడా చీలుతుంది. ఒక చోట అయిపోయి, ఇంకో చోట కదలకుండా పడి ఉండడం రోజూ చూసే తలనొప్పే. వాళ్ల పద్ధతిలో ఇమిడే సరుకైతే హాయి. "ఈ ఒక్కదానికి కాగితం రెండు చుట్లు చుట్టండి" అంటే మాత్రం టికెట్ (వాళ్ల సిస్టమ్‌లో రాతలో అభ్యర్థన) వేయాలి, అది మూడు చేతులు మారాలి. ఇక్కడ కల్చర్ గోదాం గోదాంకీ మారుతుందని గుర్తుంచుకోండి. సేల్స్ వాళ్లు చూపించేది మెరిసే గోదాం, మీ సరుకు వెళ్లేది వేరేది కావచ్చు. అదే చూపించమనండి.

*మార్కెట్‌ప్లేస్ గోదాం.* అమెజాన్ 2006లో అమ్మకందార్ల సరుకు తన గోదాములో పెట్టుకుని పంపే సేవ మొదలుపెట్టింది. తర్వాత మిగతా మార్కెట్‌ప్లేస్‌లు కూడా ఆ దారి పట్టాయి. వేగంలో దీన్ని కొట్టడం కష్టం, మార్కెట్‌ప్లేస్‌లో త్వరిత డెలివరీ గుర్తు కూడా వస్తుంది. 2012లో అమెజాన్ గోదాం రోబోలు తయారుచేసే కివా సిస్టమ్స్‌ని 77.5 కోట్ల డాలర్లకి కొన్నదంటే ఈ వేగం మీద వాళ్లు పెట్టే పెట్టుబడి అర్థమవుతుంది. కానీ అక్కడి కల్చర్‌ని మీరు చూసేదీ ఉండదు, మార్చేదీ ఉండదు. పెట్టె వాళ్లది, పేరు వాళ్లది. నియమాలు, ఛార్జీలు వాళ్లు మార్చినప్పుడు మీకు ఈమెయిల్ వస్తుంది. ఒకే బార్‌కోడ్ ఉన్న సరుకుని వేరే అమ్మకందార్ల సరుకుతో కలిపేస్తారా అన్నది ముందే తెలుసుకోండి, లేకపోతే ఎవరిదో నకిలీ మీ పేరుతో వెళ్లొచ్చు.

డ్రాప్‌షిప్పింగ్‌ని ఈ వరసలో పెట్టలేదు. సరుకు మీ చేతికి రాకుండా తయారీదారే పంపేయడం వినడానికి బాగుంటుంది. చెప్పుల అమ్మకాల జాపోస్ అలాగే మొదలైంది. బయటి గోదాం ఒకటి ప్రయత్నించి, అది కుదరక కెంటకీలో సొంత గోదాం పెట్టుకుంది. 2003లో డ్రాప్‌షిప్పింగ్ పూర్తిగా మానేసింది, అప్పటికి అమ్మకాల్లో దాదాపు పాతిక శాతం దాని నుంచే వస్తున్నా సరే. కస్టమర్ సర్వీసే తమ బలం అని నమ్మిన కంపెనీ, చేతిలో లేని స్టాకుకి హామీ ఇవ్వలేనని తేల్చుకుంది.

| చూడాల్సింది | మీరే | చిన్న కంపెనీ | పెద్ద కంపెనీ | మార్కెట్‌ప్లేస్ గోదాం |
|---|---|---|---|---|
| తప్పు ఎంత త్వరగా తెలుస్తుంది | వెంటనే | అదే రోజు, చెప్పే అలవాటుంటే | రిపోర్టు వచ్చాక | కస్టమర్ రిటర్న్ చేశాక |
| ప్యాకింగ్ మార్చడం | ఇప్పుడే | ఒక ఫోన్ | టికెట్, ఛార్జి | దాదాపు కుదరదు |
| కొరియర్ రేటు | ఎక్కువ | మధ్యస్థం | తక్కువ | ఛార్జీలోనే కలిపి |
| సీజన్ తట్టుకోవడం | మీ ఓపిక | అనుమానం | బాగుంటుంది | బాగుంటుంది, స్టాక్ పరిమితులుండొచ్చు |
| కల్చర్ చూసే వీలు | మీదే | పూర్తిగా | అడిగితే కొంత | లేదు |

ఎవరికి ఏది

పగిలేవి, చేత్తో చేసినవి, ఒక్కోటి ఒక్కో ఆకారంలో ఉండేవి అమ్మేవాళ్లు వీలైనంత కాలం మీరే చేయండి. తర్వాత చిన్న కంపెనీ. పెద్ద గోదాం పద్ధతికి మీ సరుకు మొదటి రోజు నుంచే "స్పెషల్ కేసు" అవుతుంది.

నాలుగైదు రకాలే, ఆర్డర్లు వేలల్లో, పెట్టె ఎప్పుడూ ఒకటే అయితే పెద్ద కంపెనీ దగ్గర మీకు ఎదురుండదు. తప్పు జరిగే సందే తక్కువ కాబట్టి కల్చర్ తేడా కూడా మీ మీద తక్కువ పడుతుంది.

బట్టలు, చెప్పులు వేరే కథ. సైజులు, రంగులు కలిపి ఒక్క డిజైన్‌కే ఇరవై బార్‌కోడ్‌లు, రిటర్న్‌లు ఎక్కువ. ఇక్కడ రేటు కార్డులో మొదట చదవాల్సింది రిటర్న్ వరుస. గోదాంలో మొదట చూడాల్సింది రిటర్న్ బల్ల. తిరిగొచ్చిన మూటలు గుట్టగా పడి ఉంటే, మీ స్టాకులో కొంత భాగం ఎప్పుడూ ఆ గుట్టలోనే ఉంటుంది. చిన్నదా పెద్దదా అన్నది దాని తర్వాతి మాట.

బ్యాటరీ ఉన్న వస్తువులు, పెర్‌ఫ్యూమ్‌లు, స్ప్రేలు అమ్మేవాళ్లు ముందు ఆ సరుకు పంపే అనుభవం ఎవరికుందో చూడాలి. విడిగా పంపే లిథియం అయాన్ బ్యాటరీలని ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపడం 2016 ఏప్రిల్ 1 నుంచి నిషిద్ధం. పరికరంతో పాటు పంపితే నియమాలు వేరు, లేబుళ్లు వేరు. "అన్నీ పంపుతామండీ" అనే కంపెనీ కంటే "ఇది రోడ్డు మీదే వెళ్లాలి" అని చెప్పగల కంపెనీ మేలు.

విదేశాలకి పంపేవాళ్లు రెండు ప్రశ్నలు అడగండి. హెచ్‌ఎస్ కోడ్ (కస్టమ్స్ కోసం వస్తువు రకాన్ని చెప్పే అంకెలు) ఎవరు ఎంచుతారు? దాని మొదటి ఆరు అంకెలు ప్రపంచమంతా ఒకటే, తర్వాతివి దేశాన్ని బట్టి మారతాయి. తప్పు కోడ్ పడితే పెట్టె కస్టమ్స్‌లో ఆగుతుంది. రెండోది, సుంకం మీరు ముందే కడుతున్నారా, అందుకునేవాళ్లు కట్టాలా? అందుకునేవాళ్లే కట్టాలని వాళ్లకి ముందు చెప్పకపోతే పెట్టె గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వస్తుంది.

సంతకం పెట్టే ముందు

స్టాక్ మొత్తం ఒకేసారి పంపొద్దు. బాగా కదిలే రెండు మూడు రకాలు పంపి నెలన్నర చూడండి. ఆ నెలన్నరలో స్నేహితుల పేర్లతో పది పన్నెండు ఆర్డర్లు పెట్టండి: కటాఫ్‌కి పది నిమిషాల ముందు ఒకటి, తప్పు పిన్ కోడ్‌తో ఒకటి, రెండు దగ్గరి రంగులు కలిపి ఒకటి. ఒకదాన్ని పగిలిందని ఫొటోతో తిరిగి పంపండి. మీకు కావాల్సింది పది పెట్టెలూ సరిగ్గా రావడం కాదు, రాని పెట్టె గురించి వాళ్లే ముందు ఫోన్ చేశారా లేదా అన్నది.

ఒప్పందంలో స్టాక్ తరుగు ఎంతవరకు వాళ్లు బాధ్యత తీసుకోరో ఒక శాతం రాసి ఉంటుంది. అది మొత్తం విలువ మీదా, ముక్కల సంఖ్య మీదా చూడండి. సరుకు దిగిన రోజు ఎన్ని గంటల్లో లెక్కపెడతారు, తేడా వస్తే ఎవరి లెక్క చెల్లుతుంది అన్నది రాయించుకోండి. అన్నిటికంటే ముందు చదవాల్సిన పేజీ మాత్రం చివరిది, విడిపోయేటప్పుడు ఏంటన్నది. ఎన్ని రోజుల నోటీసు, స్టాక్ బయటికి తీయడానికి ముక్కకి ఎంత, బిల్లు మీద గొడవుంటే సరుకు ఆపేసే హక్కు వాళ్లకుందా? సంచుల గోదాం నుంచి బయటపడడానికి నాకు రెండు నెలలు పట్టింది. వచ్చిన పెట్టెలు విప్పి చూస్తే నీలం సంచుల్లో మూడోవంతు నలుపు అరలోంచి వచ్చినవే.